మధ్యయుగపు ఐర్లండ్, ఇంగ్లండ్ చరిత్రను ఇంటి నుంచే వెతికి తెలుగులో చెప్పడం ఎలా

ఐర్లండ్‌లో కిల్కెన్నీ అనే ఊళ్ళో చేసిన ఒక చట్టం ఉంది. పాత పుస్తకాలు కొన్ని దాన్ని 1367 నాటిదంటాయి. ఇప్పటివాళ్ళు 1366 అంటారు. అదే రోజుకి క్రీస్తుశకం వేయమంటే ఆనాటి గుమస్తా 1365 అని రాసేవాడు. చట్టం ఒకటే, రోజు కూడా ఒకటే. ఈ చిక్కు విప్పడం వచ్చిందంటే సగం పని వచ్చినట్టే. లాటిన్ రాదు, ఐరిష్ రాదు, డబ్లిన్ మొహం కూడా చూడలేదు అని ఆగిపోనక్కర్లేదు. నేను మొదలుపెట్టినప్పుడు నాకూ ఇవేవీ లేవు. చదివే ఇంగ్లీషు, ఇంటర్నెట్టు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు.

ముందు ఒక ఊరు పట్టుకోండి

"మధ్యయుగపు ఐర్లండ్" అని వెతికితే ఎదురయ్యేది సముద్రం. రాజుల పేర్లతో మొదలుపెడితే వంశవృక్షాల్లో చిక్కుకుపోతారు. ఊరితో మొదలుపెట్టండి. పన్నులు, దావాలు, కోట మరమ్మతులు, చావులు అన్నీ ఏదో ఒక ఊరి పేరు మీదే కాగితాలకెక్కుతాయి.

నా ఊరు కిల్కెన్నీ. యాభై ఏళ్ళు కూడా తిరక్కుండానే అక్కడ మూడు పెద్ద సంగతులు జరిగాయి. 1324లో ఆలిస్ కైటెలర్ అనే డబ్బున్నావిడ మీద బిషప్ రిచర్డ్ లెడ్రెడ్ మంత్రగత్తె కేసు పెట్టాడు. ఆవిడ తప్పించుకుంది, ఆవిడ పనిమనిషి పెట్రోనిల్లాను మాత్రం నవంబరు 3న తగలబెట్టారు. 1348–49లో ప్లేగు వచ్చింది, దాన్ని కళ్ళారా చూసి రాసిన సన్యాసి జాన్ క్లిన్ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఆ తర్వాత 1366లో ఈ చట్టం.

ఊరు దొరికాక ప్రశ్న చిన్నది చేసుకోండి. "కిల్కెన్నీలో ఏం జరిగింది?" అంటే ఎక్కడికీ తేలదు. "ఈ చట్టం ఎవరి మీద చేశారు?" అంటే జవాబు వెతకొచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తయ్యేంత ప్రశ్న అయితే ఇంకా మంచిది.

కాలిపోయిందేమిటో తెలుసుకోండి

ఐర్లండ్ విషయంలో ఈ మెట్టు దాటేస్తే తర్వాత అడుగడుగునా తికమకే. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం తొలి రోజుల్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలో పేలుడు జరిగి మంటలు లేచాయి. అక్కడున్న ప్రభుత్వ రికార్డుల భవనం కాలిపోయింది. 13వ శతాబ్దం నుంచి పోగుపడిన కాగితాలు, తోలుచుట్టలు చాలావరకు బూడిదయ్యాయి. ఇంగ్లండ్‌కి అలాంటి దెబ్బ తగల్లేదు. అందుకే ఒకే కాలానికి ఇంగ్లండ్ నుంచి అసలు ప్రతి దొరుకుతుంది, ఐర్లండ్ నుంచి నకలు దొరుకుతుంది. నకలుకి నకలు దొరికినా అదృష్టమే.

కొంతైనా బతికిందంటే దానికి విచిత్రమైన కారణాలున్నాయి. డబ్లిన్ ఖజానా లెక్కలను తనిఖీకి వెస్ట్‌మినిస్టర్ పంపేవారు. ఐర్లండ్ గుమస్తాల మీద లండన్‌కి నమ్మకం లేకపోవడం వల్ల ఆ చుట్టలు ఇప్పటికీ లండన్‌లో ఉన్నాయి. ఆడిట్‌కి చరిత్రకారులు దండం పెట్టుకునే చోటు ఇదొక్కటేనేమో. అలాగే 1828లో ఐర్లండ్ చాన్సరీ, అంటే రాజముద్ర వేసే కచేరీ, చుట్టల సారాంశాన్ని లాటిన్‌లో అచ్చువేశారు. చుట్టలు పోయాయి, ఆ పుస్తకం మిగిలింది.

ఎక్కడ వెతకాలి

అన్నీ ఒకేసారి తెరవకండి. ఈ వరసలో వెళ్తే తేలిక.

మొదట కార్క్ యూనివర్సిటీ వాళ్ళ సెల్ట్ (CELT) అనే సైటు. ఐరిష్ ఆనల్స్, అంటే ఏడాదివారీగా రాసుకుంటూ పోయిన చరిత్రలు, ఇంగ్లీషు అనువాదాలతో ఉచితంగా ఉన్నాయి. అల్‌స్టర్ ఆనల్స్ తెరిచి మీకు కావలసిన సంవత్సరానికి వెళ్ళండి. రెండు మూడేళ్ళ నమోదులు వరసగా చదివితే ఆ రాత తీరు అలవాటవుతుంది.

తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ సర్కిల్ (CIRCLE) అనే సైటు. 1244 నుంచి 1509 దాకా ఐర్లండ్ చాన్సరీ పంపిన ఉత్తరాలను దొరికిన నకళ్ళన్నిటి నుంచీ పోగుచేసి ఇంగ్లీషులో పెట్టారు. ఊరి పేరు కొట్టి చూడండి. 2022లో ట్రినిటీ ఆధ్వర్యంలోనే వర్చువల్ రికార్డ్ ట్రెజరీ మొదలైంది. కాలిపోయిన భవనంలో ఏముండేదో బొమ్మ కట్టి, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న నకళ్ళతో దాన్ని తిరిగి నింపుతున్నారు.

ఇంగ్లండ్ వైపు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్, లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగు ఉన్నాయి. అదే నేషనల్ ఆర్కైవ్స్ 1086–1733 కాలపు లాటిన్ కోసం ఉచిత పాఠాలు పెట్టింది. రోజుకి అరగంట పెడితే, ఇంగ్లీషు సారాంశం పక్కన పెట్టుకుని లాటిన్ వాక్యం ఎటు పోతోందో పట్టుకునేంత వస్తుంది. పాత అచ్చు పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్.

ఊరి పేర్లు, మనుషుల పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ఐరిష్ రూపం వేరు, లాటిన్ రూపం వేరు, ఇప్పటి ఇంగ్లీషు రూపం వేరు. నోటుబుక్కులో ఒక పేజీ దీనికే కేటాయించండి. ఊళ్ళకైతే లోగెయిన్మ్ అనే ప్రభుత్వ స్థలనామాల సైటు బాగా పనికొస్తుంది. దొరికిన ప్రతి కాగితం గుర్తింపు సంఖ్యను అప్పటికప్పుడే రాసుకోండి, పేజీని మీ దగ్గర భద్రం చేసుకోండి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ రాతప్రతుల బొమ్మలు చాలాకాలం ఎవరికీ అందలేదు. సంఖ్య రాసుకున్నవాళ్ళు వేరేచోట వెతుక్కున్నారు, లింకు మాత్రమే దాచుకున్నవాళ్ళకి ఏమీ మిగల్లేదు.

తేదీ మీరే తేల్చండి

ఇక ఆ మూడు తేదీల సంగతి. కిల్కెన్నీ చట్టం మొదట్లో ఉన్న తేదీ ఇలా ఉంటుంది: మూడో ఎడ్వర్డ్ ఏలుబడి నలభయ్యో ఏట, విభూది బుధవారం తర్వాతి గురువారం.

మన శాసనాల్లో "విజయరాజ్య సంవత్సరం" చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఎడ్వర్డ్ ఏలుబడి లెక్క 1327 జనవరి 25న మొదలైంది. నేను మొదటిసారి 1327కి 40 కలిపి 1367 అని రాసేశాను. తప్పు. 1327లో మొదలైనదే ఒకటో ఏడు, కాబట్టి కలపాల్సింది 39. నలభయ్యో ఏడు 1366 జనవరి 25 నుంచి 1367 జనవరి 24 దాకా నడుస్తుంది.

తర్వాత పండగ. విభూది బుధవారం ఈస్టర్‌కి 46 రోజుల ముందు వస్తుంది. నెట్‌లో ఈస్టర్ లెక్కకట్టే సైట్లున్నాయి. అప్పట్లో వాడిన జూలియన్ క్యాలెండర్ ఎంచుకోవడం మరిచిపోకండి. 1366లో ఈస్టర్ ఏప్రిల్ 5. వెనక్కి లెక్కపెడితే విభూది బుధవారం ఫిబ్రవరి 18, గురువారం 19. అనుమానం ఉంటే 1367 కూడా వేసి చూడండి. ఆ ఏడు విభూది బుధవారం మార్చిలో పడుతుంది, అప్పటికి నలభై ఒకటో ఏడు వచ్చేసింది. కాబట్టి 1366 ఫిబ్రవరి 19 ఖాయం.

మరి 1365 ఎక్కడిది? అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. ఫిబ్రవరి అంటే ఇంకా పాత ఏడే. ఉగాది రానిదే ఏడు మారదనుకునే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇందులో వింతేముంది? జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ ఏది కనిపించినా ఆగి చూసుకోండి. ఇంగ్లండ్ రాజు జాన్ ఏలుబడి ఇంకో తలనొప్పి. అతని సంవత్సరాలు క్రీస్తు ఆరోహణ పండగనాడు మారతాయి, ఆ పండగ తేదీ ఏటేటా మారుతుంది కనక ఏళ్ళ పొడవులే మారిపోతాయి. దానికి పట్టికలున్నాయి, బుర్ర పెట్టకండి.

ఇది ఎన్నో చేతి మాట?

మిగతావన్నీ మరిచిపోయినా ఈ ప్రశ్న మాత్రం ప్రతి కాగితానికీ వేయండి. నోటుబుక్కులో ప్రతి నమోదు పక్కన నేను ఒక అంకె వేసుకుంటాను: నాకూ ఆ సంఘటనకీ మధ్య ఎన్ని చేతులున్నాయని.

జాన్ క్లిన్‌ని చూడండి. ప్లేగు గురించి ఎవరు రాసినా ఇతని మాటలు వస్తాయి. ఊరంతా చచ్చిపోతుంటే, చావు కోసం ఎదురుచూస్తూ ఇది రాస్తున్నానంటాడు. ముందుముందు ఏ మనిషైనా మిగిలితే, ఆదాము సంతతిలో ఎవరైనా ఈ తెగులు తప్పించుకుంటే, పని కొనసాగించడానికి తోలుకాగితం వదిలి వెళ్తున్నానంటాడు. చివర్లో వేరే చేతి రాత: గ్రంథకర్త ఇక్కడ చనిపోయినట్టుంది.

ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. ఇప్పుడు చేతులు లెక్కపెడదాం. క్లిన్ రాసిన అసలు ప్రతి లేదు. ఉన్నవి 17వ శతాబ్దంలో తీసిన నకళ్ళు. వాటి ఆధారంగా 1849లో లాటిన్ పాఠం అచ్చయింది. అలాంటి అచ్చు పాఠం నుంచి ఎవరో ఇంగ్లీషు చేశారు, దాన్ని ఇంకెవరో కుదించారు, మనం కుదించినదాన్ని తెలుగు చేస్తున్నాం. ఈ ప్రయాణంలో రాలిపోయేది ఎప్పుడూ చిన్న మాటే. లాటిన్‌లో ఉన్నది "చనిపోయినట్టుంది". ఫేస్‌బుక్‌లో తిరిగేది "ఆ వాక్యం రాసి ప్లేగుతో చనిపోయాడు". ఆ "ఉంది"ని కాపాడటమే మన పని.

ఎన్నో చెయ్యో చూడటంతో పాటు ఆ చెయ్యి ఎవరిదో కూడా చూడాలి. 1169లో ఇంగ్లండ్, వేల్స్ వైపు నుంచి సైనికులు ఐర్లండ్‌లో దిగడం గురించి ఎక్కువమంది వాడుకునేది జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాత. దిగినవాళ్ళలో పెద్దలైన రాబర్ట్ ఫిట్జ్‌స్టీఫెన్, మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్ ఇద్దరూ అతని మేనమామలు. ఈ ఒక్క సంబంధం తెలుగులో చెప్తే ఇంకేమీ వివరించక్కర్లేదు. మేనల్లుడు మేనమామల గొప్ప ఎలా చెప్తాడో మనకి తెలుసు. దానికి ఎదురుగా ఐరిష్ వాళ్ళు కూర్చిన నలుగురు గురువుల ఆనల్స్ పెట్టుకోండి. అందులో వచ్చినవాళ్ళు ఫ్లెమింగులు, అంటే ఇప్పటి బెల్జియం వైపు వాళ్ళు, ఇనుప కవచాల్లో ఓ డెబ్భై మంది. ఐరిష్ వాళ్ళు వాళ్ళని లెక్కచేయలేదని ఉంది. బాగుంది, కానీ ఆ ఆనల్స్ కూర్చింది 1632–36లో. లెక్కచేయకపోవడం వల్ల ఏమైందో బాగా తెలిసినవాళ్ళు రాసిన మాట అది.

నిషేధాన్ని తిరగేసి చదవండి

చట్టాలు చదివేటప్పుడు ఒక కిటుకు. వద్దన్నదాన్ని బట్టి జనం ఏం చేస్తున్నారో పట్టుకోవచ్చు. కిల్కెన్నీ చట్టం ఐర్లండ్‌లో స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్ళకి చెప్పేదేమిటంటే: ఐరిష్ వాళ్ళతో వియ్యమందొద్దు, పిల్లల్ని వాళ్ళ ఇళ్ళలో పెంపకానికివ్వొద్దు, ఇంగ్లీషులోనే మాట్లాడాలి, ఇంగ్లీషు పేర్లే పెట్టుకోవాలి, గుర్రానికి జీను వేసే ఎక్కాలి, కర్రలతో బంతి కొట్టే హర్లింగ్ మానేసి విలువిద్య నేర్చుకోవాలి. అంటే వచ్చి రెండొందల ఏళ్ళయ్యేసరికి వీళ్ళు ఇవన్నీ చక్కగా చేస్తున్నారన్నమాట. ఇప్పుడు ఐర్లండ్ హర్లింగ్ పోటీల్లో అందరికంటే ఎక్కువ టైటిళ్ళు గెలిచింది కిల్కెన్నీయే, అది వేరే సంగతి.

"ఐరిష్ వాళ్ళని వాళ్ళ భాష మాట్లాడనివ్వలేదు" అని ఈ చట్టాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. చట్టం గురి ప్రధానంగా ఇంగ్లీషువాళ్ళ మీద, వాళ్ళ మధ్య బతుకుతున్న ఐరిష్ వాళ్ళ మీద. దాని పరిధి బయట తమ రాజుల కింద బతికే ఐరిష్ జనం జోలికి అది పోలేదు, పోయే బలమూ లేదు. ఇంకో తమాషా: ఇంగ్లీషే మాట్లాడాలన్న ఈ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో.

ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. మన బడిపుస్తకాల చరిత్ర వల్ల ఇంగ్లీషువాడు అనగానే ఈస్టిండియా కంపెనీ గుర్తొస్తుంది. 1169లో దిగినవాళ్ళని పిలిచింది ఐర్లండ్‌లోనే ఉన్న లెన్‌స్టర్ రాజ్యపు రాజు డెర్మట్ మాక్‌మరోనే, పోగొట్టుకున్న రాజ్యం తిరిగి తెచ్చుకోవడానికి. వచ్చిన దొరలు ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు. తర్వాత ఎనిమిది వందల ఏళ్ళలో జరిగిన అన్యాయాలు నిజమే, వాటిని 1169 నాటికే తోసేయకండి.

అంకెలు చూసి మురిసిపోకండి

ఆగస్టు మొదలు నుంచి క్రిస్మస్ దాకా డబ్లిన్‌లో 14,000 మంది చనిపోయారని క్లిన్ రాశాడు. ఆయన ఉన్నది కిల్కెన్నీలో. ఆ అంకెకి "లెక్కలేనంత మంది" అన్నదే అర్థం అనుకోండి. అదే క్లిన్ కిల్కెన్నీలో క్రిస్మస్ నుంచి మార్చి 6 లోపు ఎనిమిది మంది డొమినికన్ సన్యాసులు పోయారంటాడు. ఇది పక్క మఠం సంగతి, తెలిసిన మొహాలు. నేనైతే ఈ ఎనిమిదిని నమ్ముతాను.

పన్నుల జాబితాలు మరోలా మోసం చేస్తాయి. 1330 నుంచి 1550 మధ్య ఇంగ్లండ్‌కి వలస వచ్చినవాళ్ళ పేర్లు 64 వేలకు పైగా ఒక ఉచిత డేటాబేస్‌లో ఉన్నాయి, పేరు ఇంగ్లండ్స్ ఇమిగ్రెంట్స్. పుట్టిన దేశం ఐర్లండ్ అని పెట్టి వెతకండి, పనివాళ్ళు, పనిమనుషులు పేర్లతో సహా కనిపిస్తారు. వీటిలో చాలా పేర్లు 1440లో పెట్టిన పరాయివాళ్ళ పన్ను వల్ల దొరికినవి: ఇల్లు నడిపేవాడికి ఏడాదికి 16 పెన్నీలు, ఒకరి ఇంట్లో ఉండేవాడికి 6. కొద్ది ఏళ్ళకే ఐరిష్ వాళ్ళకి మినహాయింపు వచ్చింది. జాబితాలో పేర్లు పడిపోయాయని "ఐరిష్ వాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు" అని రాసేరు సుమా. పన్ను పోయింది, మనుషులు అక్కడే ఉన్నారు.

పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. అణా, పైసల కాలం తాతయ్యలెవరైనా ఉంటే సరదాగా లెక్కలు కట్టిపెడతారు. మార్కు అంటే 160 పెన్నీలు, కానీ ఆ పేరుతో నాణెం లేదు, అది లెక్కల్లో మాటే.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

పేర్లు పలికేలా రాయండి, స్పెల్లింగు చూసి కాదు. డెర్మట్ కూతురు, ఇంగ్లండ్ వైపు నుంచి వచ్చిన దొర స్ట్రాంగ్‌బోని పెళ్ళి చేసుకున్న అమ్మాయి పేరు ఈఫా. స్పెల్లింగు నమ్ముకుంటే "అవోయిఫ్" అని రాస్తారు, రాసినవాళ్ళని చూశాను కూడా. టాంగ్లన్ అనే ఐరిష్ నిఘంటువు సైటులో మూడు యాసల ఉచ్చారణలు వినిపిస్తాయి.

"రాజు" అన్న మాటతో జాగ్రత్త. ఐరిష్‌లో "రీ" అన్నవాడి ఏలుబడి ఒక్కోసారి మన మండలమంత కూడా ఉండదు. అందర్నీ రాజులంటే చదివేవాళ్ళ కళ్ళముందు కిరీటాలు, సింహాసనాలు మెదులుతాయి. నేను చిన్నవాళ్ళని "దొర" అని, పైవాళ్ళని "రాజు" అని రాసి, ఎందుకలా రాశానో ఒక్క వాక్యంలో చెప్తాను. పార్లమెంటు కూడా అంతే: ఓట్లు, మెజారిటీలు కాదు, రాజు మనిషి పెద్దల్ని కూర్చోబెట్టి జరిపే సభ.

లాటిన్ అర్థం కాకపోతే చాట్‌బాట్‌ని అడగడంలో తప్పులేదు. వాక్యం అతికించి అర్థం అడగండి. "క్లిన్ ఇంకేమన్నాడు?" అని మాత్రం అడక్కండి. అనని మాటలు కూడా అందంగా అనిపించేస్తుంది. చేతిరాత బొమ్మలని చదివిపెట్టడానికి ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అది చదివింది కూడా బొమ్మతో పోల్చుకున్నాకే నమ్మండి.

నలుగురికీ చెప్పేటప్పుడు

ఒక పోస్టుకి ఒక్క సంగతి. చట్టం తేదీ కథ ఒక పోస్టు, జీను సంగతి ఇంకోటి. ఎవరి మాటో వాక్యంలోనే కలిపేయండి: "క్లిన్ రాసినట్టు 17వ శతాబ్దపు నకళ్ళలో ఉంది" అంటే చాలు, చదివేవాళ్ళకి విసుగూ రాదు, మీకు టెన్షనూ ఉండదు. వీడియో చేసేవాళ్ళయితే ఈ ముక్క నోటితోనే చెప్పండి, కింద చిన్న అక్షరాల్లో దాచకండి.

బొమ్మల దగ్గర హడావుడి వద్దు. రాతప్రతి వెయ్యేళ్ళనాటిదైనా దాని ఫొటోకి లైబ్రరీ షరతులుంటాయి. ట్రినిటీ వాళ్ళు తమ దగ్గరున్న కెల్స్ గ్రంథం అనే పాత బొమ్మల సువార్త రాతప్రతిని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడనిస్తున్నారు. చూడనివ్వడం వేరు, వాడుకోనివ్వడం వేరు. బొమ్మ కింద షరతు చదివి, వాడుకోవచ్చని స్పష్టంగా ఉంటేనే తీసుకోండి.

డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళు ఈ పనిలో బాగా కలిసొస్తారు. హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి కిల్కెన్నీ చూసి రావచ్చు. అక్కడ పాత బీరు ఫ్యాక్టరీ స్థలంలో సెయింట్ ఫ్రాన్సిస్ మఠం గోడలు మిగిలున్నాయి, క్లిన్ ఉన్న మఠం అదే. అక్కడ నిలబడి మీరే తీసిన ఫొటోకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తప్పు దొర్లుతుంది. ఎవరైనా దిద్దితే పోస్టు తీసేయకండి. పాత వాక్యాన్ని అలాగే ఉంచి దాని కింద సరైనది రాసి, ఆ రోజు తేదీ వేయండి. నా 1367 ఇప్పటికీ అక్కడే ఉంది, కింద 1366తో.